ధనుర్మాసంలో చిట్టా: మా ఇంటి పొంగలి కార్డులు

మా తాత పొంగలి కార్డులు కొనేది జనవరిలో కాదు. ధనుర్మాసం పట్టగానే, అంటే డిసెంబరు 16 దాటగానే, కోవిల్‌పట్టి బజారుకు పోయి తెచ్చేసేవాడు. అప్పటికే అంగళ్ళ ముందర తాళ్ళు కట్టి, బట్టలు ఆరేసినట్టు కార్డులు వేలాడదీసేవాళ్ళు. చెరుకుగడలు, పొంగుతున్న కుండ, జోడెద్దులు, వాటి పక్కనే ఎం.జి.ఆర్., శివాజీ.

ఈ కార్డులన్నీ ఎక్కడివని అడగక్కర్లేదు. శివకాశి మాకు దగ్గర. అగ్గిపెట్టెలకు, టపాకాయలకు అంటించే కాగితాలు అచ్చువేస్తూ ఎదిగిన ఊరు అది. తరవాత క్యాలెండర్లు, ఆ వెనకే కార్డులు. ఆ క్యాలెండర్లలో ఎన్నో దేవుడి బొమ్మలు కోవిల్‌పట్టిలో స్థిరపడిన కొండయ్య రాజు, ఆయన శిష్యులు గీసినవే. మన ఇళ్ళలో పూజగదికి ఎక్కిన లక్ష్మి, మురుగన్ చాలామటుకు వాళ్ళ చేతి చలవే.

పండగకు అచ్చు కార్డు పంపడమనే అలవాటు మాత్రం మనది కాదు. ఇంగ్లండులో 1840లో పెన్నీ తపాలా వచ్చాక జాబులు గుట్టలుగా రావడం మొదలైంది. అన్నిటికీ చేత్తో జవాబు రాయలేక హెన్రీ కోల్ అనే ఆయన 1843లో హార్స్‌లీ అనే చిత్రకారుడితో బొమ్మ గీయించి, క్రిస్మస్ కార్డు అచ్చువేయించాడు. మన దేశంలో 1879 జులై 1న కాలణా కార్డు వచ్చింది. కూలివాడు కూడా కొనగలిగిన జాబు అదే మొదటిది.

పొంగలి కార్డు ఇంత పెరగడానికి ఇంకో కారణముంది. ద్రావిడ ఉద్యమం వాళ్ళు పొంగలిని కులం, మతం లేని తమిళుల పండగగా ఎత్తి చూపారు. 1969లో మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు అని పేరు మార్చింది కూడా పొంగలి రోజే, జనవరి 14న. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మాబోటి వాళ్ళకు అక్కడ చిన్న చిక్కు. 1953 దాకా నెల్లూరు, చిత్తూరు, మేము అందరం ఒకే రాష్ట్రం. ఆ తరవాత చుట్టాలు పొరుగు రాష్ట్రం వాళ్ళయిపోయారు. తమిళంలో అచ్చయిన కార్డు వాళ్ళకు పంపితే ఏం బాగుంటుంది? అందుకని తాత అక్షరాలు లేని బొమ్మ కార్డులు ఏరుకొని, లోపల తెలుగులో సంక్రాంతి శుభాకాంక్షలు అని రాసేవాడు. పైన చిరునామా మాత్రం ఇంగ్లీషులో. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చాక చిట్టా రెండు భాగాలైంది. మొదటి అంకె 6 అయితే ఈడ మనోళ్ళు, 5 అయితే ఆడోళ్ళు. (5లోనే కర్ణాటక కూడా ఉంది గనక బళ్ళారి అత్త వాళ్ళూ ఆడోళ్ళలో చేరిపోయారు. అది ఆమెకు ఎప్పుడూ నచ్చలేదు.)

కవరు అంటించకుండా, మూత లోపలికి మడిచి, పైన బుక్ పోస్ట్ అని రాస్తే అప్పట్లో స్టాంపు తక్కువ పడేది. కానీ లోపల జాబులాగా రాయకూడదనేవాళ్ళు. మా నాయన చిన్నప్పుడు పెదనాన్నకు పంపిన కార్డులో పరీక్ష మార్కులన్నీ రాసిపెట్టాడట. ఆయన డ్యూ కట్టి విడిపించుకోవాల్సి వచ్చింది. మార్కులు కూడా అంత గొప్పవి కావు.

ఇంత ముందుగా ఎందుకు అని నేనొకసారి అవ్వనడిగితే, తపాలా ఆలస్యం సంగతి కాకుండా వేరే మాట చెప్పింది. చావు జరిగిన ఇంటికి ఏడాది తిరిగేదాకా పండగ లేదు. ఆ ఇంటికి శుభాకాంక్షలు పోకూడదు. ఒక ఏడు తాత బావగారింటికి మామూలుగా కార్డు పంపాడు. కార్తీకంలో ఆ ఇంటి పెద్దామె పోయింది. ఆ కబురు రాసిన జాబు మాకు చేరనే లేదు. "మేము ఏడుస్తుంటే చెరుకుగడల బొమ్మ పంపుతారా" అన్నారట. రెండేళ్ళు రాకపోకల్లేవు. తాతే చివరికి రైలెక్కి పోయి వాళ్ళ గడపలో కూర్చుని వచ్చాడు.

ఆ తరవాతే చిట్టా మొదలైంది. ధనుర్మాసానికి ముందే ప్రతి ఊరికీ ఒక కార్డు రాసి, అక్కడ ఎవరెవరికి పండగ లేదో కనుక్కొని, ఆ పేరు పక్కన సున్నా పెట్టేవాడు. సున్నా పెట్టిన ఇంటికి బొమ్మ కార్డు బదులు మామూలు జాబు పోయేది, క్షేమం అడుగుతూ. నాకు ఈ సున్నాలే ఆ చిట్టాలో అన్నిటికన్నా విలువైనవిగా కనిపిస్తాయి. వాటిని ఏడాది వారీగా చూసుకుంటూ పోతే మా వంశంలో ఎవరు ఎప్పుడు పోయారో చాలావరకు తెలిసిపోతుంది.

చిట్టాలో మొదటి పేజీలు తాత చేతిరాత, తెలుగు. నడిమివి నాయనవి: తెలుగు మాటలే, తమిళ అక్షరాల్లో. ఆయన తెలుగు చదవగలడు, రాయడం రాలేదు. ఇంటికి ఫోను వచ్చాక పేజీలు పలచబడ్డాయి, తరవాత ఆగిపోయాయి. ఇప్పుడు భోగి తెల్లవారుజామునే ఒకే బొమ్మ నూరుమందికి పోతోంది, సున్నా ఉన్నవాళ్ళకూ కలిపి. పోయిన ఏడు అట్లా నేనే పంపాను, భర్త పోయి నాలుగు నెలలైన మా చిన్నత్తకు. ఆమె ఏమీ అనలేదు.

ఈ ఏడు కార్తీకంలోనే చిట్టా బయటికి తీశాను. పాత చిరునామాలు చాలావాటికి ఇప్పుడు మనుషుల్లేరు. దొరికిన పదకొండు ఇళ్ళకు ఫోను చేసి, మొదట ఈ ఏడు పండగ ఉందా అని అడిగాను. మూడు సున్నాలు పడ్డాయి. వాటిలో మొదటిది చిన్నత్తది. ఆమెకు జాబు నిన్న పోస్టు చేశాను.