కర్బన రసాయనం: బట్టీకి లొంగని తర్కం

ఇంటర్ పిల్లలకు ఆర్గానిక్ అంటే ఓ పట్టాన తరగని చిట్టా. కారకాలు, ఉష్ణోగ్రతలు, ఎవరెవరి పేర్లతోనో చర్యలు. నీట్ దగ్గరపడే కొద్దీ ఆ చిట్టాను వల్లె వేయడమే చదువైపోతుంది. కానీ ఈ శాస్త్రానికి పునాది వేసినవాళ్లు ఎన్నడూ అణువును చూసి ఎరుగరు. రంగు, స్ఫటికం, ద్రవీభవన స్థానం లాంటి ఆనవాళ్లను పట్టుకునే కంటికి కనిపించని నిర్మాణాన్ని ఊహించారు, ఆ ఊహను పరీక్షకు పెట్టారు.

1828లో జర్మన్ శాస్త్రవేత్త వోలర్ అమ్మోనియం సయనేట్ చేయబోతే యూరియా వచ్చింది. మూత్రపిండంతో పని లేకుండానే యూరియా తయారు చేయగలనని గురువు బెర్జీలియస్‌కు ఉత్తరం రాశాడు. జీవుల్లోని పదార్థాలు ప్రాణశక్తి వల్లే పుడతాయన్న సిద్ధాంతం దాంతో ఒక్క దెబ్బకు కూలిందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అది కాస్త అతిశయోక్తే, ఆ నమ్మకం అంత తొందరగా పోలేదు. నా దృష్టిలో అసలు విశేషం వేరే ఉంది. ఆ సయనేట్‌లో ఉన్న పరమాణువులే, అంతే లెక్కలో, యూరియాలోనూ ఉన్నాయి. అయినా రెండూ వేర్వేరు పదార్థాలు. అంటే ఏవి ఎన్ని ఉన్నాయో తెలిస్తే చాలదు, ఎలా అమరి ఉన్నాయో తెలియాలి.

అది తెలియకపోతే ఏమవుతుందో 1856లో లండన్‌లో పద్దెనిమిదేళ్ల విలియం పెర్కిన్‌కు అనుభవమైంది. మలేరియా మందు క్వినైన్‌ను తయారు చేయాలని పూనుకున్నాడు. రెండు అల్లైల్ టొలుయిడిన్ అణువులకు మూడు ఆక్సిజన్ పరమాణువులు కలిపి ఒక నీటి అణువును తీసేస్తే, కాగితం మీద క్వినైన్ ఫార్ములా అచ్చంగా తేలుతుంది. గాజుపాత్రలో మాత్రం ఎర్రమట్టి రంగు ముద్ద మిగిలింది. అతను అంతటితో వదల్లేదు. అదే ప్రయోగం అనిలిన్‌తో చేసి, వచ్చిన నల్లటి పదార్థం నుంచి ఊదారంగు తీశాడు. కృత్రిమ రంగుల పరిశ్రమకు అదే నాంది.

కార్బన్‌కు నాలుగు బంధాలని 1858లో కెకూలే, కూపర్ విడివిడిగా చెప్పారు. 1865లో కెకూలే బెంజీన్‌ను వలయంగా చూపాడు. ఆ వలయంతో కోర్నర్ అనే రసాయన శాస్త్రవేత్త చేసిన పని నాకు ఈ చరిత్ర మొత్తంలోకీ ఇష్టమైన ఘట్టం. డైబ్రోమోబెంజీన్‌లు మూడు రకాలు: ఆర్థో, మెటా, పారా. మూడూ సీసాల్లో ఉన్నాయి, ఏది ఏదో ఎలా తేల్చాలి? 1874లో ఆయన చూపిన ఉపాయం ఇది. ఒక్కోదానికి ఒక నైట్రో సమూహాన్ని చేర్చి, ఎన్ని వేర్వేరు పదార్థాలు రాగలవో లెక్కపెట్టాలి. పారాలో మిగిలిన నాలుగు చోట్లూ ఒకేలాంటివి కాబట్టి ఒక్కటే వస్తుంది. ఆర్థో నుంచి రెండు, మెటా నుంచి మూడు. ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు, ఓపిగ్గా వేరుచేసి లెక్కపెట్టడం చాలు. అదే ఏడాది వాంట్ హాఫ్, లెబెల్ కార్బన్ బంధాలకు చతుర్ముఖి ఆకారాన్నిచ్చారు. దాని ఆధారంగా 1891లో ఎమిల్ ఫిషర్, సాధ్యమయ్యే పదహారు రూపాల్లో గ్లూకోజ్ ఏదో తేల్చాడు.

తర్వాతి శతాబ్దంలో ప్రశ్న మారింది. చర్య ఎలా జరుగుతుందో ఎలక్ట్రాన్‌ల కదలికను బాణాలతో గీసి చూపడం 1922లో కెర్మాక్, రాబిన్సన్‌లతో మొదలైంది. పెర్కిన్‌కు అందని క్వినైన్‌కు 1944లో వుడ్‌వర్డ్, డోరింగ్ దారి వేశారు. వుడ్‌వర్డ్ లాంటివాళ్లకు ఆ దారులు ఎలా తట్టేవో ఇతరులకు అంతుపట్టేది కాదు. 1960లలో ఇ.జె. కోరీ ఆ నేర్పుకు ఒక పద్ధతి కల్పించాడు. కావలసిన అణువు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో బంధాన్నీ తెంచుకుంటూ, బజారులో దొరికే సరుకు దాకా వెనక్కి నడవాలి. ఆ పద్ధతికి 1990లో నోబెల్ వచ్చింది.

ఆ వెనకనడకే హైదరాబాద్ మందుల పరిశ్రమకు అన్నం పెట్టింది. మన 1970 పేటెంట్ల చట్టం మందుకు పేటెంట్ ఇవ్వలేదు, తయారీ విధానానికే ఇచ్చింది. అదే మందుకు వేరే దారి కనిపెట్టినవాడికి మార్కెట్ తెరుచుకుంది. హెచ్ఐవి మందు ఏజెడ్‌టీకి ఇక్కడి పరిశోధన సంస్థ ఐఐసీటీలో ఎ.వి. రామారావు బృందం చవకైన విధానం రూపొందించి మందుల కంపెనీ సిప్లాకు ఇచ్చింది. 2005లో మందులకే పేటెంట్లు వచ్చాక ఆట నియమాలు మారాయి గానీ, ఆ ఆలోచన అవసరం తగ్గలేదు.

లెక్చరర్లకు ఒక మనవి. పేర్ల చర్యల చిట్టా మొదలుపెట్టే ముందు ఒక్క క్లాసు కోర్నర్‌కు ఇవ్వండి. ట్రైబ్రోమోబెంజీన్‌లు కూడా మూడే. ఒక్కోదానికి ఒక నైట్రో చేరిస్తే ఎన్నెన్ని వస్తాయో, షడ్భుజి గీసి పిల్లలనే తేల్చమనండి.