లూమినాల్: ఒక మోతాదు చరిత్ర

మూర్ఛవ్యాధి చరిత్ర చదవదలచినవారికి ఒసై టెంకిన్ రచించిన ‘ది ఫాలింగ్ సిక్‌నెస్’ (1945) నేటికీ ముందుగా తెరవవలసిన గ్రంథం. ప్రాచీన గ్రీకుల కాలం నుంచి పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా సాగే ఆ పుస్తకంలో దేవతలున్నారు, దయ్యాలున్నాయి. కాస్తయినా పనిచేసే మందు మాత్రం చివరి పుటలకు గాని రాదు. అదీ 1857లో వాడుకకు వచ్చిన బ్రోమైడ్. మూర్ఛలను తగ్గిస్తూనే మనిషిని మందకొడిగా మార్చేది. మన ఆయుర్వేదం ఈ వ్యాధిని అపస్మారమన్నది; నటరాజు పాదం కింద అణగి ఉన్న మరుగుజ్జుదీ అదే పేరు. పడిపోయినవారి చేతిలో తాళాలగుత్తి పెట్టే అలవాటు మన ఊళ్లలో ఇంకా పోలేదు.

టెంకిన్ ఆపిన చోట మొదలయ్యేది ఫినోబార్బిటాల్ కథ. 1912లో బాయర్ సంస్థ దానిని లూమినాల్ పేరుతో నిద్రమందుగా విడుదల చేసింది. మనవాళ్లకు అది గార్డినాల్‌గా పరిచయం. ఆ ఏడాదే ఫ్రైబుర్గ్‌లో ఆల్ఫ్రెడ్ హౌప్ట్‌మన్ అనే యువవైద్యుడు, నిద్ర కోసం ఇచ్చిన ఆ మందు రోగుల మూర్ఛలను తగ్గిస్తోందని గమనించి, మ్యూనిక్ వైద్య వారపత్రికలో ప్రకటించాడు.

1933 జులైలో నాజీ ప్రభుత్వం చేసిన నిర్బంధ కుటుంబనియంత్రణ చట్టంలో, వంశపారంపర్య వ్యాధుల జాబితాలో మూర్ఛ కూడా ఉంది. అప్పటికి నానాజాతి సమితి పాలనలో ఉన్న జార్‌బ్రూకెన్‌కు ఆ చట్టం వర్తించలేదు. 1935 జనవరి ప్రజాభిప్రాయసేకరణలో తొంభై శాతానికి పైగా ఓటర్లు జర్మనీని కోరుకున్నారు. మార్చిలో విలీనం జరిగింది. ఆ వెంట చట్టమూ వచ్చింది. యూదుడైన హౌప్ట్‌మన్ హాలే విశ్వవిద్యాలయంలో ఆచార్యపదవిని కోల్పోయినదీ 1935లోనే. 1938 నవంబరు దాడుల తరువాత ఆయనను డాహౌ నిర్బంధశిబిరంలో పెట్టారు. బయటపడి అమెరికా చేరాడు.

1940లో లైప్‌జిగ్ సమీపంలోని డోసెన్ ఆసుపత్రిలో హెర్మన్ పాల్ నిచ్చే అనే వైద్యుడు అదే లూమినాల్‌కు మరో ఉపయోగం కనిపెట్టాడు. అర్ధాకలితో ఉంచిన మానసిక రోగులకు కాస్త ఎక్కువ మోతాదును రోజుకు పలుమార్లు ఇస్తే, కొద్ది రోజుల్లో ఊపిరితిత్తులకు జబ్బుచేసి మరణిస్తారు. చూసేవారికి అది సహజమరణమే. వైద్యుడి చేతిలోని చెంచా మారలేదు, కొలత మారింది. 1948లో నిచ్చేకు డ్రెస్డెన్‌లో మరణశిక్ష అమలైంది. అదే ఏడాది బోస్టన్‌లో హౌప్ట్‌మన్ కన్నుమూశాడు.

ఈ చరిత్ర చదివి మందును చూసి భయపడనక్కరలేదు. చవకైనది, రోజుకొక్కసారి రాత్రివేళ వేసుకుంటే చాలినది కనుక, ప్రపంచ ఆరోగ్యసంస్థ అత్యవసర ఔషధాల జాబితాలో అది నేటికీ ఉంది. అయితే అది శరీరంలో రోజుల తరబడి నిలుస్తుంది. మరచిన మాత్రకు బదులుగా రెండు వేసుకోరాదు. మద్యంతోనూ ఇతర నిద్రమందులతోనూ కలిస్తే శ్వాసను అణచివేస్తుంది. కాలేయాన్ని చురుకుపరచి గర్భనిరోధక మాత్రలనూ, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్‌నూ బలహీనం చేస్తుంది. గర్భం దాల్చదలచినవారు ముందే వైద్యుణ్ణి సంప్రదించాలి. అన్నిటికంటే ముఖ్యం: ఫిట్స్ తగ్గాయి కదా అని ఒక్కసారిగా మానేయరాదు. అలా మానితే ఆగని మూర్ఛలు ప్రాణం మీదికి తెస్తాయి. మానవలసివస్తే వైద్యుడి పర్యవేక్షణలో వారాలు, నెలలు పట్టి మెల్లమెల్లగా తగ్గించాలి.

మోతాదు అనేది వైద్యుడికీ రోగికీ మధ్య ఉన్న నమ్మకానికి కొలత. డోసెన్‌లో చెడిపోయింది మందు కాదు, ఆ నమ్మకం.