సంతలో కొన్న గోధుమలు

కేంబ్రిడ్జి శాస్త్రవేత్త ఆర్థర్ ఎర్నెస్ట్ వాట్కిన్స్ 1920, 30 దశకాల్లో ప్రపంచపు గోధుమలు పోగేశాడు. ఆ రోజుల్లోనే రష్యాకు చెందిన నికొలాయ్ వావిలోవ్ విత్తనాల కోసం అఫ్గానిస్తాన్, ఇథియోపియా కొండలు ఎక్కి దిగుతున్నాడు. వాట్కిన్స్‌కు అన్ని తిప్పలు లేవు. లండన్‌లోని బోర్డ్ ఆఫ్ ట్రేడ్ యంత్రాంగం ద్వారా, భారత్ సహా 32 దేశాల గింజలు ఆయనకు చేరాయి. చాలావరకు స్థానిక సంతల్లో కొన్నవే. రైతులు అమ్మకానికి తెచ్చిన తిండిగింజలన్నమాట.

అన్నీ నాటు రకాలు. తర్వాతి కాలం వాటికి కలిసిరాలేదు. జపాన్ రకం నోరిన్ 10 నుంచి వచ్చిన, మొక్కను పొట్టిగా ఉంచే జన్యువులతో వ్యవసాయ శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ మెక్సికోలో కొత్త వంగడాలు తీశాడు. 1966లో భారత్ అక్కడి నుంచి 18,000 టన్నుల విత్తనం తెప్పించింది. దిగుబడి పెరిగింది, ఆకలి తగ్గింది. ఆనాటి కరువు తెలిసినవారెవరూ దాన్ని తప్పుపట్టరు. పొలాల్లో నాటు రకాల చోటు మాత్రం పోయింది. వాట్కిన్స్ సేకరణ ఇంగ్లండ్‌లో భద్రంగా మిగిలింది. ఇప్పుడది నారిచ్‌లోని జాన్ ఇన్నెస్ సెంటర్‌లో ఉంది.

ఆ గింజల్లో వైవిధ్యం ఎంతో కంటితో తేల్చడం కష్టం. మొక్క ఎత్తు, కోతకొచ్చే గడువు నేలను బట్టి, వానను బట్టి మారిపోతాయి. డీఎన్‌ఏ అలా మారదు. అయితే గోధుమతో మరో చిక్కుంది. మూడు గడ్డిజాతుల జన్యుసంపద ఒకే మొక్కలో కలిసిపోయింది కనుక చాలా జన్యువులకు మూడేసి ప్రతులుంటాయి. తేడాలు పట్టిచ్చే డీఎన్‌ఏ గుర్తులను మార్కర్లంటారు. తొలితరం మార్కర్లకు రకానికీ రకానికీ మధ్య తేడాలు అంతంతమాత్రంగానే దొరికాయి. దారి చూపినవి మైక్రోశాటిలైట్లు. డీఎన్‌ఏలో కొన్నిచోట్ల రెండు మూడు అక్షరాల తునక ఒకటి పదేపదే వస్తుంది. ఎన్నిసార్లన్నది రకాన్ని బట్టి మారుతుంది. పీసీఆర్ అనే పద్ధతితో ఆ ముక్కకు నకళ్లు తీసి, పొడవు కొలిస్తే తేడా బయటపడుతుంది. 1998లో జర్మనీలోని గాటర్స్‌లేబెన్ శాస్త్రవేత్తలు ఇలాంటి 279 గుర్తులతో గోధుమ జన్యుపటం గీశారు.

2014లో వచ్చిన అధ్యయనం 826 వాట్కిన్స్ రకాలను 41 మైక్రోశాటిలైట్లతో పరీక్షించింది. 1945 నుంచి 2000 దాకా వచ్చిన ఐరోపా శీతకాలపు గోధుమల కన్నా వీటిలోనే వైవిధ్యం ఎక్కువని తేలింది. 2024 నాటికి బ్రిటన్, చైనా శాస్త్రవేత్తలు గుర్తులతో సరిపెట్టుకోకుండా ఏకంగా జన్యుక్రమాలే చదివేశారు. ఈ సేకరణలో పూర్వీక వర్గాలు ఏడు. ఆధునిక వంగడాల మూలాలు ప్రధానంగా పశ్చిమ, మధ్య ఐరోపాకు చెందిన రెండింటిలోనే ఉన్నాయి.

మిగిలినవాటిని కదిపితే ఏం దొరుకుతుందో అంతకుముందే కొంత రుచి తెలిసింది. పసుపు తుప్పు తెగులును తట్టుకునే వైఆర్47 అనే జన్యువు వాట్కిన్స్ సేకరణలోని ఓ నాటు రకంలోనే బయటపడింది. ఆకు తుప్పును అడ్డుకునే ఎల్ఆర్52 కూడా అదే క్రోమోజోము మీద, దాని పక్కనే ఉంది.