ఎంగిలి చేతి లెక్క

పిసినారిని తిట్టడానికి జగిత్యాల, కోరుట్ల, ముత్యంపేట ప్రాంతంలో వాడే మాటల్ని పక్కపక్కన పెడితే మూడు పొరలు కనిపిస్తాయి. లోభి, కృపణుడు సంస్కృతం నుంచి వచ్చాయి. పీనాసి, పిసినారి ఇంటి మాటలు. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువులోనే పిసినారి ఉన్నాడు. నిజాం కాలంలో కచేరీ భాషగా ఉన్న ఉర్దూ నుంచి వచ్చిన కంజూసు మన నాలుక మీద కంజూసోడు అయింది. ఈ పొరలన్నీ ఒకే తీర్పు చెప్పవు. కృపణుడంటే మొదటి అర్థం దీనుడు. ఇంగ్లీషు 'మైజర్' పుట్టిన లాటిన్ మాటకూ అదే అర్థం. పుస్తకాల భాష లోభిని చూసి జాలిపడింది. పల్లె భాష మాత్రం అతని చేతిని చూసింది, ఎవరి వాటా ఆగిందని అడిగింది.

'ఎంగిలి చేత్తో కాకిని తోలడు' అన్న మాటే చూడండి. అన్నం తింటున్నప్పుడు కాకి వస్తే ఎవరైనా చెయ్యి విదిలిస్తారు. విదిలిస్తే వేళ్లకంటిన నాలుగు మెతుకులు రాలతాయి, కాకి ఏరుకుంటుంది. ఆ నాలుగు మెతుకుల కోసం చెయ్యి ఎత్తనివాడు పిసినారి. 'పిల్లికి బిచ్చం పెట్టడు' అన్నదీ తిండి మాటే. ఇంగ్లీషువాళ్ల 'స్కిన్‌ఫ్లింట్' చెకుముకి రాయికి తోలు ఒలిచే మనిషి. ఆ బొమ్మలో రాయీ అతనూ తప్ప ఇంకెవరూ లేరు. మన సామెతలో ఆకలిగా ఎదురుచూసే ప్రాణి ఎప్పుడూ ఉంటుంది. దీనికి కారణం కల్లంలో దొరుకుతుంది. ఏడాదంతా కర్రు సాగదీసిన కమ్మరి, బట్టలుతికిన చాకలి, గడ్డం గీసిన మంగలి పంట ఇంటికి చేరకముందే తమ మేర గింజల్లో తీసుకునేవారు. ఆ రోజు రైతు చెయ్యి బిగిస్తే ఇంకో ఇంట్లో ఏడాది గాసం తగ్గేది.

ఇదంతా లేనివాడి అసూయేనని కొందరంటారు. అసూయే అయితే తెలుగు పొదుపును కూడా తిట్టాలి. పొదుపరి అన్న మాటలో మెప్పే తప్ప నింద లేదు. ఉన్నది దాచుకోవడం తప్పు కాదు, ఇవ్వాల్సింది ఆపడమే తప్పు అని భాష గీత గీసింది. ఇంకో అభ్యంతరం బలమైనది: మేర పక్కనే వెట్టి ఉండేది, కులం కట్టిన కొలతలో ఎక్కువ తక్కువలుండేవి, అలాంటి ఊరిని ఈ మాటలతో అందంగా చూపించకూడదు. నిజమే. అయితే దావాకు పోలేని మనిషికి, పని మానేసే దారి లేని మనిషికి చేతిలో మిగిలింది ఎదుటివాడికి పెట్టే పేరే. ఆ పేరు కూలి పెంచలేదు, వెట్టిని ఆపలేదు. అన్యాయానికి సాక్ష్యంగా మాత్రం నిలిచింది.

ఇప్పుడు కూలి నగదులో వస్తుంది, కంజూసోడంటే చాయ్ పైసలియ్యని దోస్తు. మాట తేలికైంది కానీ అందులోని కొలత చెరిగిపోలేదు. కష్టం చేసినవాడికి ఇవ్వాల్సింది ఆపే చెయ్యి ఎంత పెద్దదైనా, దానికి తగిన పేరు తెలుగులో ఇప్పటికీ ఉంది.