ఫైబర్‌ ఇంటర్నెట్‌: సంస్థల వేగాన్ని ఎలా పోల్చి చూడాలి?

ఇంటికి ఫైబర్‌ ఇంటర్నెట్‌ తీసుకోదలచిన కుటుంబం ముందు నేడు నాలుగైదు సంస్థల ప్రకటనలు ఉంటున్నాయి. ప్రతి ప్రకటనలోనూ పెద్ద అక్షరాలతో కనిపించేది వేగాన్ని తెలిపే ఒకే అంకె: 100 ఎంబీపీఎస్‌, 300 ఎంబీపీఎస్‌, 1 జీబీపీఎస్‌. ఆ అంకె అబద్ధం కాదు. అయితే అది ఆ కనెక్షన్‌ చేరుకోగల గరిష్ఠ పరిమితిని మాత్రమే చెబుతుంది. రాత్రి 9 గంటలకు అందే వేగం, అప్‌లోడ్‌ వేగం, స్పందనలో జాప్యం, డేటా పరిమితి దాటిన తర్వాత మిగిలే వేగం వంటివి అందులో కనిపించవు. ఆరు నెలలకో, ఏడాదికో చందా ముందుగానే చెల్లించే వినియోగదారులకు ఈ తేడాలు తెలియడం అవసరం. ఇంటి నుంచి ఉద్యోగం చేసేవారికి, ఆన్‌లైన్‌ పరీక్షలు రాసే విద్యార్థులకు ఈ అవసరం మరింత ఎక్కువ.

బ్రాడ్‌బ్యాండ్‌ నిర్వచనం

దేశంలో 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్‌ విధానం ప్రకారం సెకనుకు 256 కిలోబిట్ల వేగం ఉంటే దానిని బ్రాడ్‌బ్యాండ్‌గా పరిగణించారు. 2013లో ఈ కనీస పరిమితిని 512 కిలోబిట్లకు, 2023 జనవరిలో 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. అంటే ఇప్పటికీ చట్టపరంగా 2 ఎంబీపీఎస్‌ కనెక్షన్‌ కూడా బ్రాడ్‌బ్యాండే. అందువల్ల ‘బ్రాడ్‌బ్యాండ్‌’ అన్న మాటను బట్టి సేవ నాణ్యతను అంచనా వేయలేం. ప్లాన్‌లో రాసిన వేగాన్ని, ఆచరణలో అందుతున్న వేగాన్ని విడివిడిగా చూడాలి.

ప్రధాన సంస్థలు

భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ (ట్రాయ్‌) నివేదికల్లో కొన్నేళ్లుగా తీగ ద్వారా బ్రాడ్‌బ్యాండ్‌ అందించే తొలి ఐదు సంస్థలుగా రిలయన్స్‌ జియో, భారతీ ఎయిర్‌టెల్‌, బీఎస్‌ఎన్‌ఎల్‌, ఆట్రియా కన్వర్జెన్స్‌ (యాక్ట్‌), కేరళ విజన్‌ కనిపిస్తున్నాయి. చివరి సంస్థ కార్యకలాపాలు ప్రధానంగా కేరళకు పరిమితం. ఇవి కాక పట్టణాల్లో స్థానిక కేబుల్‌ ఆపరేటర్లు నడిపే చిన్న నెట్‌వర్క్‌లు అనేకం ఉన్నాయి.

2019 సెప్టెంబరులో జియో ఫైబర్‌ రంగప్రవేశం, 2020లో ధరల సవరణ తర్వాత ఈ సంస్థల ప్లాన్లు ఒకదానికొకటి దగ్గరయ్యాయి. 2020లో జియో రూ.399కి 30 ఎంబీపీఎస్‌, రూ.699కి 100, రూ.999కి 150 ఎంబీపీఎస్‌ ప్రకటించింది. అదే ఏడాది ఎయిర్‌టెల్‌ రూ.499కి 40, రూ.799కి 100, రూ.999కి 200 ఎంబీపీఎస్‌ ఇచ్చింది. బీఎస్‌ఎన్‌ఎల్‌ రూ.449కి 30, రూ.799కి 100, రూ.999కి 200 ఎంబీపీఎస్‌ ప్లాన్లను ప్రవేశపెట్టింది. గిగాబిట్‌ వేగం అంతకుముందే హైదరాబాద్‌కు చేరింది. యాక్ట్‌ ఫైబర్‌నెట్‌ 2017లో ఈ నగరంలో 1 జీబీపీఎస్‌ ప్లాన్‌ను ప్రారంభించింది.

ధరలు ప్రాంతాన్ని, కాలాన్ని బట్టి మారుతుంటాయి. ప్రకటనల్లోని మొత్తానికి సాధారణంగా 18 శాతం జీఎస్టీ అదనం. రూ.699 ప్లాన్‌కు పన్నుతో కలిపి దాదాపు రూ.825, రూ.999 ప్లాన్‌కు దాదాపు రూ.1,179 చెల్లించాల్సి వస్తుంది. సంస్థలను పోల్చేటప్పుడు పన్నుతో కూడిన మొత్తాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

బిట్‌, బైట్‌ లెక్క

ఇంటర్నెట్‌ వేగాన్ని మెగాబిట్లలో, ఫైళ్ల పరిమాణాన్ని మెగాబైట్లలో చెబుతారు. 8 బిట్లు ఒక బైట్‌. కాబట్టి 100 ఎంబీపీఎస్‌ కనెక్షన్‌లో సెకనుకు దిగేది గరిష్ఠంగా 12.5 మెగాబైట్లే. 5 జీబీ పరిమాణం గల ఫైలు 30 ఎంబీపీఎస్‌ వేగంతో దిగడానికి సుమారు 22 నిమిషాలు, 100 ఎంబీపీఎస్‌తో దాదాపు 7 నిమిషాలు, 300 ఎంబీపీఎస్‌తో రెండు నిమిషాలకు కొద్దిగా ఎక్కువ పడుతుంది.

నిత్యావసరాలకు ఇంత వేగం అక్కర్లేదు. 4కే నాణ్యతతో వీడియో చూడటానికి నెట్‌ఫ్లిక్స్‌ సూచించే వేగం 15 ఎంబీపీఎస్‌, పూర్తి హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్‌. నలుగురు ఉన్న ఇంట్లో రెండు టీవీలు, రెండు వీడియో కాల్స్‌ ఒకేసారి నడిచినా 100 ఎంబీపీఎస్‌ నిలకడగా అందితే సరిపోతుంది. నిలకడ లేని 300 ఎంబీపీఎస్‌ కన్నా నిలకడగల 100 ఎంబీపీఎస్‌ మేలు.

అప్‌లోడ్‌ వేగం

ప్రకటనల్లోని అంకె సాధారణంగా డౌన్‌లోడ్‌ వేగం. వీడియో కాల్‌లో మన ముఖం అవతలివారికి స్పష్టంగా కనిపించడం, కార్యాలయ ఫైళ్లు పంపడం, నిఘా కెమెరాల దృశ్యాలు ఇంటి వెలుపల భద్రపరచడం అప్‌లోడ్‌పై ఆధారపడతాయి. 1 జీబీ వీడియోను 10 ఎంబీపీఎస్‌ వేగంతో పంపడానికి 13 నిమిషాలకు పైగా పడుతుంది. 100 ఎంబీపీఎస్‌ అయితే 80 సెకన్లు చాలు. రెండు దిశల్లోనూ సమాన వేగం ఇస్తామని కొన్ని సంస్థలు స్పష్టంగా ప్రకటిస్తాయి. కొన్ని ఆ వివరమే ఇవ్వవు. కనెక్షన్‌ తీసుకునే ముందు ఈ అంకెను రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

ఒకే తీగ, పలు ఇళ్లు

ఫైబర్‌ అనగానే సంస్థ కేంద్రం నుంచి ప్రతి ఇంటికీ ప్రత్యేకంగా ఒక తీగ వస్తుందన్న అభిప్రాయం ఉంది. వాస్తవంలో కేంద్రం నుంచి వచ్చే ఒక ఫైబర్‌ను వీధిలోని స్ప్లిటర్‌ ద్వారా 32 లేదా 64 ఇళ్లకు పంచడం సాధారణ పద్ధతి. విస్తృతంగా వాడుకలో ఉన్న జీపాన్‌ సాంకేతికతలో ఆ ఒక్క ఫైబర్‌ సామర్థ్యం డౌన్‌లోడ్‌కు దాదాపు 2.5 జీబీపీఎస్‌, అప్‌లోడ్‌కు దాదాపు 1.25 జీబీపీఎస్‌. 32 ఇళ్లు ఒకే క్షణంలో పూర్తి సామర్థ్యాన్ని కోరితే ఒక్కో ఇంటికి దక్కేది సుమారు 78 ఎంబీపీఎస్‌. 64 ఇళ్లయితే సుమారు 39 ఎంబీపీఎస్‌.

అందరూ ఒకే క్షణంలో పూర్తి వేగాన్ని వాడటం అరుదు. ఆ అంచనాతోనే సంస్థలు 300 ఎంబీపీఎస్‌, 1 జీబీపీఎస్‌ ప్లాన్లను విక్రయిస్తాయి. రద్దీ ఎక్కువగా ఎదురయ్యేది రాత్రి 8 నుంచి 11 గంటల మధ్య. ఆ వేళ వేగం తగ్గడానికి కారణం వీధిలోని పంపకం కావచ్చు, లేదా స్థానిక ఆపరేటర్‌ పై సంస్థ నుంచి కొనుగోలు చేసిన సామర్థ్యం చాలకపోవడం కావచ్చు. 10 జీబీపీఎస్‌ సామర్థ్యం గల కొత్త తరం ఎక్స్‌జీఎస్‌-పాన్‌ పరికరాలు అమర్చిన చోట మొదటి ఇబ్బంది తగ్గుతుంది. ఒకే సంస్థ సేవ ఒక కాలనీలో వేగంగా, పక్క కాలనీలో మందకొడిగా ఉండటానికి ఇవే ప్రధాన కారణాలు.

జాప్యం

ఒక సంకేతం సర్వర్‌కు వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయాన్ని జాప్యం అంటారు. దీనిని మిల్లీసెకన్లలో కొలుస్తారు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. 1,000 కిలోమీటర్ల దూరంలోని సర్వర్‌కు వెళ్లి రావడానికి కనీసం 10 మిల్లీసెకన్లు పడుతుంది. మార్గమధ్యంలోని పరికరాలు దీనికి మరికొంత జోడిస్తాయి. అమెరికాలోని పిల్లలతో మాట్లాడే తెలుగు కుటుంబాలకు కాల్‌లో కలిగే స్వల్ప ఆలస్యానికి మూలం ఈ దూరమే. ఎంత ఖరీదైన ప్లాన్‌ తీసుకున్నా ఆ దూరం తగ్గదు.

అయితే సంస్థ ఎంచుకునే మార్గం ముఖ్యం. భారత్‌ నుంచి విదేశాలకు వెళ్లే డేటాలో అధిక భాగం ముంబయి, చెన్నై తీరాల్లోని సముద్రగర్భ కేబుళ్ల ద్వారా సాగుతుంది. 2025 సెప్టెంబరులో జెడ్డా సమీపంలో ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు భారత్‌, పాకిస్థాన్‌ సహా పలు దేశాల్లో ఇంటర్నెట్‌ నెమ్మదించింది. ఒకటికి మించిన మార్గాల్లో సామర్థ్యం కలిగిన సంస్థలు ఇలాంటి సందర్భాల్లో త్వరగా కోలుకుంటాయి.

ర్యాంకులు దేనిని కొలుస్తాయి

వేగంపై వెలువడే ర్యాంకులన్నీ ఒకే విషయాన్ని కొలవవు. ఊక్లా స్పీడ్‌టెస్ట్‌ తరహా పరీక్షలు సాధారణంగా దగ్గరలోని సర్వర్‌తో, ఒకేసారి పలు అనుసంధానాలు తెరిచి కనెక్షన్‌ గరిష్ఠ సామర్థ్యాన్ని చూపుతాయి. నెట్‌ఫ్లిక్స్‌ ప్రకటించే సూచీ రద్దీ వేళల్లో తన వీడియోలు ఏ నాణ్యతతో చేరుతున్నాయో చెబుతుంది. అందుకే ఒక జాబితాలో ముందున్న సంస్థ మరో జాబితాలో వెనుకబడవచ్చు.

సగటుకు, మధ్యస్థ విలువకు కూడా తేడా ఉంది. పది ఇళ్లలో తొమ్మిదింటికి 40 ఎంబీపీఎస్‌, ఒక ఇంటికి 900 ఎంబీపీఎస్‌ అందుతుంటే సగటు 126గా కనిపిస్తుంది. మధ్యస్థ విలువ 40 మాత్రమే. ఊక్లా తన అంతర్జాతీయ సూచీలో 2021 నుంచి మధ్యస్థ విలువను ఆధారంగా తీసుకుంటోంది. జాతీయ ర్యాంకు ఏదైనా ఒక వీధిలోని పరిస్థితిని చెప్పలేదు.

ఎయిర్‌ఫైబర్‌ వేరు

2023లో ఎయిర్‌టెల్‌, జియో ప్రవేశపెట్టిన ఎయిర్‌ఫైబర్‌ సేవల పేరులో ఫైబర్‌ ఉన్నా, ఇంటి వరకు వచ్చేది 5జీ రేడియో సంకేతం. తీగ వేయలేని ప్రాంతాలకు ఇది ఉపయోగకరం. టవర్‌కు గల దూరం, అడ్డుగా ఉన్న భవనాలు, అదే టవర్‌ను వాడే మొబైల్‌ వినియోగదారుల సంఖ్య దీని వేగాన్ని నిర్ణయిస్తాయి. తీగ ద్వారా వచ్చే ఫైబర్‌తో దీనిని ఒకే గాటన కట్టి పోల్చకూడదు.

‘అపరిమితం’లోని పరిమితి

‘అపరిమిత’ ప్లాన్లకూ న్యాయ వినియోగ విధానం పేరిట నెలవారీ పరిమితి ఉంటుంది. పలు గృహ ప్లాన్లలో ఇది 3,300 జీబీ. రోజుకు 110 జీబీ చొప్పున వాడితే తప్ప అది పూర్తికాదు. గంటకు 7 జీబీ చొప్పున 4కే వీడియోను రోజూ 15 గంటలకు పైగా చూసినంత వినియోగమిది. సాధారణ కుటుంబానికి ఇబ్బంది లేదు. 500 జీబీ, 1,000 జీబీ పరిమితి గల ప్లాన్లలో మాత్రం జాగ్రత్త అవసరం. పరిమితి దాటాక వేగం 2 ఎంబీపీఎస్‌కు పడిపోయే ప్లాన్లూ ఉన్నాయి.

గ్రామాల్లో పరిస్థితి

గ్రామ పంచాయతీలకు ఫైబర్‌ చేర్చే పథకానికి కేంద్రం 2011లో ఆమోదం తెలిపింది. అదే తర్వాత భారత్‌నెట్‌ అయింది. సవరించిన కార్యక్రమానికి 2023లో రూ.1,39,579 కోట్లు కేటాయించారు. ఆంధ్రప్రదేశ్‌ ఫైబర్‌నెట్‌ విద్యుత్‌ స్తంభాల మీదుగా తీగలు వేసి, 2017 డిసెంబరులో నెలకు రూ.149 ప్రారంభ ధరతో ఇంటర్నెట్‌, టీవీ, ఫోన్‌ సేవలను అందించడం మొదలుపెట్టింది. తెలంగాణ టీ-ఫైబర్‌ మిషన్‌ భగీరథ తాగునీటి పైపుల కోసం తవ్విన కందకాలను వాడుకుంది.

స్తంభాల మీది తీగ చవక, త్వరగా వేయవచ్చు. గాలివానకు, ఇతర పనులకు తెగే ప్రమాదం ఎక్కువ. నగరాలూ ఇందుకు మినహాయింపు కాదు. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో విద్యుత్‌ స్తంభాలపై ఉన్న కేబుళ్లను తొలగించినప్పుడు పలు ప్రాంతాల్లో ఇంటర్నెట్‌ నిలిచిపోయింది. వేగంతో పాటు తీగ తెగితే ఎన్ని గంటల్లో సరిచేస్తారన్నది కూడా పోలికలో భాగం కావాలి.

వేగాన్ని పరీక్షించే విధానం

• రూటర్‌కు కంప్యూటర్‌ను ల్యాన్‌ వైరుతో కలిపి పరీక్షించాలి. వైఫైలో కనిపించే వేగం గోడలు, దూరం, పక్క ఇళ్ల సంకేతాలను బట్టి తగ్గుతుంది.
• రూటర్‌, కంప్యూటర్‌ రెండింటికీ గిగాబిట్‌ పోర్టు ఉందో లేదో చూడాలి. పాత 100 ఎంబీపీఎస్‌ పోర్టులో 300 ఎంబీపీఎస్‌ ప్లాన్‌ కూడా 95 దాటదు. గిగాబిట్‌ పోర్టులో 1 జీబీపీఎస్‌ ప్లాన్‌కు 940 వరకు కనిపించడం సహజం.
• వైఫై తప్పనిసరైతే 5 గిగాహెర్ట్జ్‌ బ్యాండ్‌లో, రూటర్‌ ఉన్న గదిలోనే కొలవాలి.
• ఉదయం, మధ్యాహ్నం, రాత్రి 9 గంటల ప్రాంతంలో కనీసం మూడు రోజులు పరీక్షించి డౌన్‌లోడ్‌, అప్‌లోడ్‌, జాప్యం మూడింటినీ రాసుకోవాలి.
• స్థానిక సర్వర్‌తో పాటు దూర నగరంలోని సర్వర్‌తోనూ పరీక్షించాలి.
• కొత్త కనెక్షన్‌ తీసుకునే ముందు అదే అపార్ట్‌మెంట్‌, అదే వీధిలోని వినియోగదారుల రాత్రి వేళ ఫలితాలను అడగాలి. తొలుత నెల ప్లాన్‌ తీసుకుని, సంతృప్తి కలిగాకే దీర్ఘకాలిక చందాకు మారడం సురక్షితం.

వేగం అందకపోతే

బ్రాడ్‌బ్యాండ్‌ సేవా నాణ్యతపై ట్రాయ్‌ 2006లో తెచ్చిన నిబంధనలు ఒప్పందంలోని డౌన్‌లోడ్‌ వేగంలో 80 శాతానికి పైగా అందాలని ప్రమాణం విధించాయి. 2024 ఆగస్టులో ట్రాయ్‌ ఫోన్‌, బ్రాడ్‌బ్యాండ్‌ సేవలన్నింటికీ కలిపి కొత్త నాణ్యతా నిబంధనలు జారీ చేసింది. అవి ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి.

ఫిర్యాదును ముందుగా సంస్థ ఫిర్యాదుల కేంద్రంలో నమోదు చేసి డాకెట్‌ నంబరు తీసుకోవాలి. పరిష్కారం లభించకపోతే అదే సంస్థలోని అప్పీలు విభాగాన్ని ఆశ్రయించవచ్చు. ఈ రెండంచెల వ్యవస్థను ట్రాయ్‌ 2012 నిబంధనలు ఏర్పరచాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915ను కూడా సంప్రదించవచ్చు. తేదీ, సమయంతో రాసుకున్న పరీక్ష ఫలితాలు ఈ దశల్లో వినియోగదారుడి వాదనకు ఆధారమవుతాయి.

దేశం మొత్తానికి వర్తించే ‘అత్యంత వేగవంతమైన సంస్థ’ అంటూ ఒకటి లేదు. ఆ వీధికి ఫైబర్‌ తెచ్చిన సంస్థల్లో రద్దీ వేళ నిలకడగా, రెండు దిశల్లోనూ ప్లాన్‌కు దగ్గరగా వేగాన్నిచ్చి, తీగ తెగినప్పుడు త్వరగా సరిచేసేదే ఆ ఇంటికి తగిన సంస్థ.