పురిటి గది అలవాట్లు: వియన్నా నుంచి సాలూరు దాకా

పురుడు ఎక్కడ పోసుకోవాలన్న ప్రశ్న మన అమ్మమ్మల కాలంలో లేదు. గూడెంలోనే, ఎరిగిన మంత్రసాని చేతుల్లో బిడ్డ పుట్టేది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో నూటికి 97, ఆంధ్రప్రదేశ్‌లో 96కు పైగా కాన్పులు ఆస్పత్రుల్లోనే జరిగాయి. రక్తస్రావం ఆగక, బీపీ పెరిగి ఫిట్స్ వచ్చి కొండల మీదే కన్నుమూసిన తల్లులను తలుచుకుంటే ఇది మంచి మార్పే.

అయినా ఆస్పత్రికి రానని మొండికేసే గర్భిణి మన గూడేల్లో ఇప్పటికీ ఉంది. ఆమెను ‘మూఢనమ్మకాల మనిషి’ అని తీసిపారేయడం మనలో చదువుకున్నవాళ్లకే ఎక్కువ అలవాటైంది. ఆ మాట అనే ముందు 180 ఏళ్ల కిందటి వియన్నా నగరం సంగతి మనం తెలుసుకోవాలి.

అక్కడి పెద్దాస్పత్రిలో రెండు కాన్పు వార్డులుండేవి. మొదటి దానిలో వైద్య విద్యార్థులు, రెండో దానిలో మంత్రసాని పని నేర్చుకునే స్త్రీలు. ఒక రోజు వచ్చిన గర్భిణులు ఒక వార్డుకు, మర్నాడు వచ్చినవాళ్లు రెండో వార్డుకు. ఆస్పత్రి ఒకటే, వచ్చేది ఒకే తరహా పేదరాళ్లు. కానీ 1846లో మొదటి వార్డులో నూటికి 11 మందికి పైగా తల్లులు బాలింత జ్వరంతో పోతే, రెండో దానిలో పోయినవాళ్లు ముగ్గురు కూడా లేరు.

ఈ తేడా ఊళ్లోని ఆడవాళ్లకు ముందే తెలుసు. మొదటి వార్డు వద్దని మోకాళ్ల మీద పడి వేడుకునేవారు. కొందరు దారిలోనే ప్రసవించి ఆ తర్వాత ఆస్పత్రికి వచ్చేవారు. వీధిలో కన్నవాళ్లకు ఆ జ్వరం తక్కువ! పెద్దలు చెప్పిన కారణాల్లో ఒకటి ఏమిటంటే, గంట మోగిస్తూ వచ్చే పాదిరిని చూసి ఆడవాళ్లు భయపడటం వల్ల జబ్బు చేస్తోందని. తప్పు ఆడవాళ్ల మనసులో ఉందన్నమాట. ఈ వాదన మనకు కొత్తేమీ కాదు.

అక్కడ సహాయకుడిగా చేరిన ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ పాదిరి దారి మార్పించి చూశాడు. ఆడవాళ్లను వెల్లకిలా కాకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టీ చూశాడు. లాభం లేకపోయింది. 1847లో, శవపరీక్షలో కత్తి గాయమైన తోటి వైద్యుడొకరు బాలింతలకు వచ్చే జబ్బులాంటి దానితోనే చనిపోయాడు. అప్పుడు తెలిసింది. విద్యార్థులు శవాలు కోసిన చేతులతోనే వచ్చి గర్భిణులను పరీక్షిస్తున్నారు. మంత్రసానులకు ఆ పని లేదు. మే నెలలో బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో చేతులు కడగాలని ఆయన నియమం పెట్టాడు. ఏప్రిల్‌లో నూటికి 18 ఉన్న చావులు జూన్‌కు రెండు మూడుకు దిగాయి.

ఆ వైద్యులు దుర్మార్గులు కారు. శవపరీక్ష చేయడం ఆనాడు మంచి వైద్యుడి లక్షణం. వాళ్ల పనిచోటి పద్ధతే తల్లులను చంపుతోంది. ఆ పద్ధతి తప్పని ఒప్పుకోవడం మాత్రం పెద్దలకు కష్టమైంది. 1849లో సెమ్మెల్‌వైస్ పదవీకాలాన్ని పొడిగించలేదు.

ఇక మన దగ్గరికి వద్దాం. అదే సర్వేలో తెలంగాణ కాన్పుల్లో నూటికి 60కి పైగా పెద్దాపరేషన్లే. దేశం మొత్తం మీద 21.5. తెలంగాణ ప్రభుత్వ ఆస్పత్రుల్లో 44.5 ఉంటే, ప్రైవేటులో 81.5. కష్టమైన కాన్పుకు ఆపరేషన్ ప్రాణదానమే. కొన్ని కుటుంబాలు ముహూర్తం పెట్టించుకుని మరీ అడుగుతున్నాయి, అదీ నిజమే. కానీ ఆస్పత్రి గేటు మారితే ఆడమనిషి నడుము మారదు కదా! లోపలి పని పద్ధతిలో ఏదో ఉంది. సహజ కాన్పుకు రాత్రంతా ఒకరు పక్కన కూర్చోవాలి. డాక్టరు ఒక్కరే అయితే ఆ ఓపిక ఎక్కడిది? కాన్పు చేయగల నర్సు ఉన్నా ఆమెకు నిర్ణయం వదలరు. ఆపరేషన్ అయితే గంటలో పని ముగుస్తుంది, బిల్లు కూడా పెద్దదవుతుంది.

మన ఆడవాళ్లకు ఇంకో కష్టం ఉంది. గోండి, కోలామీ, కువి, సవర మాట్లాడే తల్లికి నొప్పుల్లో తెలుగు గుర్తుకు రాదు. తోడుగా వచ్చిన అత్తనో అమ్మనో బయటే ఆపేస్తే, లోపల ఆమె మాట వినేవారు లేరు. గూడేల్లో గొంతుక్కూర్చుని కనేవారు. ఇక్కడ బల్ల మీద వెల్లకిలా పడుకోమంటారు, అరిస్తే కసురుతారు. ఒకరికి జరిగింది పదిమందికి తెలుస్తుంది. తర్వాతి గర్భిణి ‘నేను రాను’ అంటుంది.

మార్పు అసలే లేదనడం లేదు. ప్రభుత్వ ఆస్పత్రి కాన్పు గదిలోకి ఒక తోడు మనిషిని అనుమతించాలని 2016లోనే కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం కరీంనగర్‌లో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. నచ్చిన భంగిమలో కననివ్వాలని, గంటకు ఇంత అని తొందరపెట్టకూడదని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. మన ముసలి మంత్రసానులకు ఇది కొత్త సంగతి కాదు.

అన్నిటికంటే మాకు నచ్చింది సాలూరు. పార్వతీపురం ఐటీడీఏ 2018లో అక్కడి యువజన శిక్షణ కేంద్రం భవనంలో గిరిశిఖర గర్భిణుల వసతి గృహం తెరిచింది. రోడ్డు లేని కొండ ఊళ్ల ఆడవాళ్లు నొప్పులు వచ్చాక డోలీలో దిగే అవస్థ లేకుండా, నెలలు నిండక ముందే వచ్చి ఉంటారు. వేళకు తిండి, పరీక్షలు, పక్క మంచం మీద తన భాష మాట్లాడే ఇంకో గర్భిణి. హాస్టల్ నడిపేవాళ్లం కాబట్టి, ఈ చివరిదాని విలువ మాకు బాగా తెలుసు.

మా హాస్టల్లో బైపీసీ చదివే అమ్మాయిలు నర్సింగ్ దరఖాస్తులు పట్టుకొస్తారు. జీతమెంత, ఊరికి దగ్గరలో పోస్టింగ్ ఇస్తారా అని అడుగుతారు. వాటికి జవాబు చెప్పాక, బోర్డు మీద వియన్నా రెండు వార్డుల లెక్క వేసి చూపిస్తున్నాం.