కృష్ణా తీరపు వజ్రాలు: గని నుంచి సాన వరకు

వజ్రం కర్బనమే; పెన్సిల్‌లోని గ్రాఫైటూ కర్బనమే. పరమాణువుల అమరికలోని తేడా ఒకదాన్ని అత్యంత కఠినమైన సహజ ఖనిజంగా, మరొకదాన్ని కాగితంపై అరిగే పదార్థంగా మార్చింది. భూగర్భంలో 150 కిలోమీటర్లకు మించిన లోతున, తీవ్రమైన వేడిమి, ఒత్తిళ్ల మధ్య వజ్రాలు ఏర్పడతాయి. కింబర్లైట్ శిలాద్రవం వాటిని పైకి మోసుకొచ్చింది. అనంతపురం జిల్లా వజ్రకరూరు పరిసరాల్లో ఈ శిలలున్నాయి. కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో తొలకరి పడగానే నేటికీ జనం వజ్రాల కోసం వెతుకుతారు. ఎక్కువమంది ఉత్త చేతులతోనే తిరిగి వెళ్తారు.

18వ శతాబ్దంలో బ్రెజిల్ నిక్షేపాలు బయటపడేవరకు ప్రపంచానికి వజ్రాలు ప్రధానంగా భారతదేశం నుంచే వెళ్లాయి. 'గోల్కొండ వజ్రాలు' అన్న పేరు ప్రసిద్ధమైనా గోల్కొండలో గని లేదు, అది విపణి మాత్రమే. గనులు కృష్ణా తీరంలో ఉండేవి. వాటిలో ముఖ్యమైన కొల్లూరును 17వ శతాబ్దంలో చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, అక్కడ 60 వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. అంకె కొంత అతిశయోక్తి కావచ్చు గానీ, పని తీరును అతడు శ్రద్ధగానే నమోదు చేశాడు: పురుషులు తవ్వుతారు, స్త్రీలు, పిల్లలు మట్టి మోస్తారు, దాన్ని నీటితో కడిగి, ఎండబెట్టి, చెరిగి రాళ్లు ఏరుతారు. కోహినూరు కూడా ఇక్కడిదేనని ప్రతీతి, ఆధారాలు మాత్రం గట్టివి కావు. ఆ కొల్లూరు నేడు పులిచింతల జలాశయం ముంపులో ఉంది.

వజ్రాన్ని వజ్రపు పొడితోనే సానబడతారు. స్ఫటికంలో అన్ని దిశలా కాఠిన్యం ఒకేలా ఉండదు. పొడిలోని రేణువుల్లో కొన్ని గట్టి అంచులతో తాకి మెత్తని దిశలో రాయిని అరగదీస్తాయి. కలప నార వెంట చీలినట్లు, కొన్ని తలాల వెంట వజ్రం ఒక్క దెబ్బకు చీలుతుంది. ఆ తలాన్ని గుర్తించడంలో పొరపడితే రాయి పాడైనట్లే.

భారతీయ పనివారు బరువును కాపాడేందుకు ప్రాధాన్యమిచ్చేవారు. ఐరోపావారు మెరుపు కోరారు. కొల్లూరులో దొరికిందని చెప్పే 410 క్యారెట్ల రాయి ఇంగ్లండులో రెండేళ్ల సాన తర్వాత 140.64 క్యారెట్ల 'రీజెంట్' అయింది; ఇప్పుడది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. 1852లో లండన్‌లో మళ్లీ సానబట్టినప్పుడు కోహినూరు సుమారు 191 నుంచి 105.6 క్యారెట్లకు తగ్గింది. క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు. అంటే దాదాపు 17 గ్రాముల వజ్రం పొడిగా రాలిపోయింది.

ప్రస్తుతం ప్రపంచంలో సానబట్టే వజ్రాల్లో అత్యధిక భాగం సూరత్‌కే వస్తాయి. రాయిని ఎక్కడ కోయాలో కంప్యూటర్ చెబుతుంది, లేజర్ కోస్తుంది. ప్రయోగశాలలో కొన్ని వారాల్లో పెరిగిన వజ్రాలకూ అక్కడే మెరుగు పెడుతున్నారు.